రోమా వెళ్లేవారికి ఒక మాట

యెరూషలేము యాత్ర చేసి వచ్చిన కుటుంబాలు మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత సంఘాల్లో ఇప్పుడు అరుదేమీ కాదు. ఆ యాత్ర అయ్యాక మనసు రోమా వైపు తిరగడం సహజమే. నాలుగు రోజులు ఊరు చూసి, అక్కడి తిండి రుచి చూసి రావాలనుకోవడం విశ్వాసికి తగునా అని సందేహించేవారున్నారు. తగునన్నదే మా అభిప్రాయం. అయితే దాన్ని తీర్థయాత్ర అని పిలవనక్కరలేదు. విహారయాత్రను విహారయాత్ర అని చెప్పుకోవడంలో సిగ్గుపడవలసింది ఏముంది?

రోమా చూడాలని పౌలుకు ఎంత ఆశ ఉండేదో ఆయన రాసిన పత్రికే చెబుతుంది. ఎన్నోసార్లు రావాలనుకుని ఆటంకపడ్డానని మొదటి అధ్యాయంలో రాశాడు. స్పెయినుకు వెళ్తూ దారిలో ఆగి, కొంతకాలం వారి సహవాసంతో తృప్తిపొందాలని పదిహేనో అధ్యాయంలో రాశాడు. కానీ ఆ వెంటనే ఇంకొక సంగతి ఉంది. మాసిదోనియ, అకయ సంఘాలు పోగుచేసిన చందాను ముందు యెరూషలేములోని పేదలకు అప్పగించాలి, రోమా సంగతి ఆ తరువాతే. ఆ చందా తీసుకుని వెళ్లిన చోటనే ఆయన బంధింపబడ్డాడు. చివరకు ఖైదీగా, ఓడ పగిలి బయటపడి రోమా చేరాడు.

అదే పత్రిక పదమూడో అధ్యాయంలో అప్పుల ప్రస్తావన కూడా ఉంది. మెడలోని గొలుసు కుదువపెట్టి, వడ్డీకి తెచ్చి రోమా వెళ్లేవారు ఆ అధ్యాయం చదివి వెళ్లడం మంచిది. కాపరిని సంఘమే పంపదలచుకుంటే, ఇష్టమున్నవారు విడిగా ఇచ్చి పంపాలి. కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తూ మన అక్కచెల్లెళ్లు పంపే దశమభాగం కూడా కానుకల పెట్టెలో ఉంటుంది. ఆ సొమ్ము విమాన టికెట్ల కోసం వచ్చింది కాదు. లెక్క సంఘం ముందు చదవాలి.

ఏర్పాట్ల విషయానికి వస్తే, ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. కొలోసియం టికెట్లు పేరుతో ఇస్తారు గనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. సెయింట్ పీటర్స్ బసిలికాలో ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పుకుని రావాలంటారు, మన చీరలకు ఆ చిక్కు లేదు. కొలోసియం పక్కనే ఉన్న టైటస్ విజయతోరణాన్ని చాలామంది చూడకుండా దాటిపోతారు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నుంచి దోచుకెళ్లిన ఏడు కొమ్మల దీపస్తంభం ఆ రాతి మీద చెక్కి ఉంది. వీధి కుళాయిల్లో మంచినీరు ఉచితం, సీసాలు కొననక్కరలేదు. ఆదివారం మాత్రం ఆరాధనకే ఉంచండి. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు ఎలాగూ మూసి ఉంటుంది. సి.ఎస్.ఐ. వారికి ప్రొటెస్టెంట్ ఆరాధన కావాలంటే కావూర్ కూడలిలో వాల్డెన్సియన్ల చర్చి ఉంది. భాష తెలియకపోయినా ప్రభువు బల్ల తెలిసిందే కదా.

ఇక తిండి. మాంసం పచ్చళ్లు, నెయ్యి, కోవా యూరప్‌లోకి రానివ్వరు. పొడులతో సరిపెట్టుకోండి, అవి కూడా రోజూ తీయకండి. పదివేల రూపాయల హోటల్ గదిలో కూర్చుని చెనిక్కాయల పొడి కలుపుకుని తినడానికి అంతదూరం పోవాలా! గొర్రెపాల జున్ను, మిరియాలు కలిపిన కాచో ఎ పెపె తినండి, ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా తినండి. కాఫీ నిలబడి తాగితే చవక.

టెస్టాచ్చో అనే పేటకు తప్పక వెళ్లండి. అక్కడ 1975 దాకా పెద్ద కబేళా ఉండేది. మంచి మాంసం డబ్బున్నవారి ఇళ్లకు పోగా బోటి, పేగులు, తోక పనివారి వంతుకు వచ్చేవి. పశువును నాలుగు భాగాలు చేయగా మిగిలిన దానికి ఐదో భాగమని పేరు. పేదవారు వండుకున్న ఆ బోటి కూర, తోక కూర నేడు రోమా నగరానికే గర్వకారణమైన వంటలు. మన జిల్లాలో బోటి తినే వాడలను ఊరు ఏ చూపు చూసిందో చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ కడప జిల్లాలో పనిచేసినప్పుడు సువార్తను గుంపులుగా అందుకున్నది ముఖ్యంగా మాలపల్లెలే. రోమాలో బోటికి యూరోలు చెల్లించి ఫొటో దిగి, ఇంటికొచ్చాక ప్రేమవిందులో పక్క వాడవారి బంతిలో కూర్చోవడానికి వెనుకాడేవారు మనలో లేరా? తినేవాడు తిననివాణ్ణి, తిననివాడు తినేవాణ్ణి తీర్పు తీర్చవద్దని పౌలు రాసింది ఆ రోమా వారికే. కూరగాయలే తినేవారూ అన్నీ తినేవారూ ఒకే సంఘంలో ఉండబట్టి ఆ మాట రాయవలసి వచ్చింది.

(గండికోట జమ్మలమడుగు పక్కనే ఉంది. ఇంట్లో పెద్దవారికి పెన్నా లోయ చూపించకుండా రోమా బయలుదేరేవారిని చూస్తే మాకు నవ్వొస్తుంది.)

చివరి రోజు అప్పియా రహదారికి కేటాయించండి. పౌలు పొతియొలీలో దిగి ఆ దారినే నగరానికి నడిచాడు. ఖైదీ వస్తున్నాడని విని రోమా సహోదరులు కొందరు త్రిసత్రముల దాకా, కొందరు ఇంకా ముందుకు అప్పీయా సంతపేట దాకా ఎదురు వెళ్లారు. త్రిసత్రములు నగరానికి దాదాపు 50 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు ప్రొద్దుటూరు నుంచి కడప. వారిని చూశాకే ఆయన ధైర్యం తెచ్చుకున్నాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఆనాటి నల్లరాళ్లు కొంతమేర ఇంకా ఉన్నాయి, వాటి మీద నడవవచ్చు. చెప్పులతో కాదు, గట్టి బూట్లతో వెళ్లండి. ఆ దారిలోనే ఉన్న సాన్ కలిస్తో సమాధి గుహలు బుధవారం మూసి ఉంటాయి.