పీహెచ్‌డీ అయ్యేదెప్పుడు, పెళ్ళెప్పుడు?

మా అమ్మాయి ఎం.ఏ. అయిపోగానే ప్రాచీన కళ, పురావస్తుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానంది. "అది అయ్యేదెప్పుడు, నీ పెళ్ళెప్పుడు?" అని మా అత్తయ్యగారు అంటారనుకున్నాను. ఆవిడ అనలేదు, నేనే అన్నాను.

అప్పటికే ఒక మంచి సంబంధం వచ్చి ఉంది. అబ్బాయి వాళ్ళమ్మగారు ఫోన్లో మర్యాదగానే చెప్పారు. "చదువుకి అభ్యంతరం లేదండీ, కానీ తవ్వకాలంటూ ఊళ్ళు పట్టుకుని తిరగడం మా ఇంట్లో కుదరదు." నాకది సబబుగానే తోచింది. నాకు ఎం.ఏ. తెలుగులో సీటొచ్చిన ఏడాదే పెళ్ళయింది. "తర్వాత చదువుకుందువులే" అన్నారు. ఆ 'తర్వాత' రానేలేదు. అయినా నేను బాగానే ఉన్నానుగా అన్నది నా వాదన.

అమ్మాయి నాతో వాదించలేదు. ఒక ఆదివారం నాగార్జునకొండ తీసుకెళ్ళింది. సాగర్ నీళ్ళలో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. చిన్నప్పుడు స్కూలు వాళ్ళతో వెళ్ళినప్పుడు నాకు లాంచీ తప్ప ఏమీ గుర్తులేదు.

ఈసారి నా కూతురు ఒక రాతి ముందు నిలబడి, గాలిలో వేలు కదుపుతూ ఒక్కో అక్షరం చదవసాగింది. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. ఇక్ష్వాకుల కాలంలో అక్కడి మహాచైత్యానికి దానం చేసింది రాజుగారి సోదరి శాంతిశ్రీ అని చెప్పింది. ఆవిడ మేనల్లుడు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళనే చేసుకున్నాడట. "మన మేనరికాలు అప్పటికే ఉన్నాయమ్మా" అని నవ్వింది. బోధిశ్రీ అని ఇంకొకావిడ, రాణి కాదు, ఉపాసిక. చైత్యగృహం, చెరువు లాంటివి కట్టించి ఆ పుణ్యం అమ్మానాన్నలకీ, భర్తకీ, తోబుట్టువులకీ పంచుతూ రాయించింది.

పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రాతి మీద నిలబడ్డారు. వాళ్ళని నా కూతురు చదవగలుగుతోంది. నేనేమో అమరావతి శాసనంలోని 'నాగబు'ని తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారని పరీక్షకి బట్టీపట్టి మర్చిపోయినదాన్ని.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ఆడపిల్ల ఇలాంటి చదువు అడిగితే మనం అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. గైడు ఎవరు? ఫెలోషిప్ వస్తుందా? సంస్కృతం, ప్రాకృతం ఎక్కడ నేర్చుకుంటావు? అమరావతి శిల్పాలు చాలావరకు చెన్నైలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, అక్కడికి ఎలా వెళ్తావు? ఇవి అడిగితే పిల్లకీ దారి కనిపిస్తుంది.

నేను కనుక్కున్నవి చెప్తాను. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళు సడలింపు, ప్రసూతికో పిల్లల సంరక్షణకో 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. అంటే పెళ్ళీ పిల్లలూ ఉంటాయని రూలు రాసినవాళ్ళకి కూడా తెలుసు. తెలియనట్టు ఉండేది మనమే.

ఉద్యోగాల సంగతి దాచను. పురావస్తు శాఖలో, మ్యూజియాల్లో, యూనివర్సిటీల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. కానీ కొడుకుని అప్పు చేసి ఎం.ఎస్.కి పంపేటప్పుడు "ఉద్యోగం రాకపోతే?" అని ఒకసారి అడిగి ఊరుకుంటాం. ఫెలోషిప్ తెచ్చుకుని చదువుతానన్న కూతుర్ని వందసార్లు అడుగుతాం. ఇదేం న్యాయం?

ఆ సంబంధం వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టని మాట నిజం. మొదటిసారి నెట్ రాస్తే జేఆర్‌ఎఫ్ రాలేదు, మళ్ళీ రాస్తోంది. మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు పాల లెక్క పక్కన బ్రాహ్మీ అక్షరాలున్నాయి. మా అత్తయ్యగారు 'క' గుర్తుపడుతున్నారు, అచ్చం కూడిక గుర్తులా ఉంటుందని.

మీ ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి చదువు అడిగితే "ఎప్పుడవుతుంది?" అనేముందు, "ఏం చదువుతావో నాకోసారి చూపించు" అనండి.