టీవీకి ఆ ఒక్క ఏడాదేనా?



సినిమా చదువుల మీద మీ పత్రిక వేసిన వ్యాసం చదివాను. డైరెక్టర్ కావాలంటే యూనివర్సిటీకి వెళ్లాలా, అసిస్టెంటుగా చేరాలా అన్న పాత తగువే అందులోనూ నడిచింది. అది ఎటు తేలినా నాకు పట్టింపు లేదు. కోర్సు పేరులో సినిమా పక్కనే ఉన్న టెలివిజన్ గురించి ఒక్క ముక్కా లేదే అన్నదే నా బాధ.

పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో మొదలైంది. టీవీ విభాగం ఢిల్లీ నుంచి 1974లో అక్కడికి చేరింది. ఇన్నేళ్లయినా సినిమా దర్శకత్వానికి మూడేళ్లు, టీవీ దర్శకత్వానికి ఒక్క ఏడాది. ఇక్కడి యూనివర్సిటీల్లో మన పిల్లలు 'మాయాబజార్' మీద పేజీలకు పేజీలు రాస్తారు, రాయాల్సిందే. బయటికొచ్చాక వాళ్లలో చాలామందికి అన్నం పెట్టేది మాత్రం సీరియళ్లే.

నేను సీరియళ్ల ఎడిటర్ని. కొత్తగా వచ్చే కుర్రాళ్లు మొదట నవ్వేది రియాక్షన్ షాట్లకి. అత్త ఒక మాటంటే వరసగా ఆరు ముఖాలు, ఒక్కోదానికీ ఒక దడేల్ మ్యూజిక్. నవ్వొచ్చేదే. కానీ రాత్రి ఏడున్నరకి సీరియల్ పెట్టుకున్న ఆవిడ సగంసేపు వంటింట్లోనే ఉంటుంది. తాలింపు వేస్తూ కథ చెవితో వింటుంది. డైలాగులో పేర్లు మళ్లీ మళ్లీ వచ్చేది అందుకే. ఆ మ్యూజిక్ వినపడగానే గరిటెతో గుమ్మంలోకి వస్తుంది. వచ్చేసరికి ఎవరి ముఖం మాడిందో ఇంకా కనిపిస్తూ ఉండాలి. (ఫుటేజ్ చాలని రోజు ఎపిసోడ్‌ని గట్టెక్కించేదీ ఆ ముఖాలే, అది వేరే సంగతి.)

ఇదంతా గొప్ప కళ అనను. ఎందుకిలా తయారైందో తెలియనివాడు దాన్ని మార్చలేడు, అంతే. కాలేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి కొన్నాళ్లు ఎగతాళి చేసి, ఆ తర్వాత అవే ఆరు ముఖాలు వాళ్లూ పేరుస్తారు.

చూసేవాళ్లని దగ్గరుండి గమనించడం మనకు కొత్తేం కాదు. 1975-76లో 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. మన పల్లెలూ అందులో ఉన్నాయి. అప్పుడు పరిశోధకులు ఊళ్లలోనే మకాం పెట్టి, జనం ఏం చూస్తున్నారో, ఏం పట్టించుకోవడం లేదో రాసుకున్నారు. ఇవాళ ఆ పని యూనివర్సిటీలు చేయొచ్చు. పిల్లల్ని ఒక నెల సీరియల్ చూసే ఇళ్లకి, ఇంకో నెల సీరియల్ తీసే ఫ్లోర్ మీదికి పంపాలి. ఫ్లోర్ మీదికి రానివ్వరని అధ్యాపకులు భయపడనక్కర్లేదు. కంటిన్యుటీ (ఏ షాట్‌లో ఎవరు ఏం కట్టుకున్నారో) రాయడానికి మనుషులు సరిపోయిన యూనిట్‌ని నేనింతవరకు చూడలేదు.

— ఒక సీరియల్ ఎడిటర్, హైదరాబాద్