కొలను నీళ్లు పారబోయకండి, కొలిచి కాపాడండి

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో తొలిసారి ఈతకొలను కట్టుకున్నవారికీ, కట్టుకోబోయేవారికీ, వారి గ్రామ పంచాయతీలకూ విజ్ఞప్తి



మిర్చికి మంచి ధర పలికిన ఏడు ఒకరు, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డాక ఇంకొకరు తోటల్లో ఈతకొలనులు కట్టిస్తున్నారు. కొన్ని ఇంటివారి కోసం, కొన్ని రోజు అద్దె కోసం. రెంటచింతల ఎండలు ఎరిగిన నేల ఇది. పిల్లలు నీళ్లలో ఆడుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాలవలో, క్వారీ గుంటలో దిగి ప్రాణం మీదికి తెచ్చుకునే కంటే పెద్దల కళ్లముందు ఈత నేర్చుకోవడం ఎంతో మేలు. మేము అడిగేది ఒక్కటే: నీళ్లు పచ్చబడగానే తోడి పారబోసి, మళ్లీ బోరు నీళ్లతో నింపే పద్ధతి మానండి. నీటిని రోజూ కొలిచి, సరిచేసి, అవే నీళ్లను నిలుపుకోండి.

ఎన్ని నీళ్లు పోతున్నాయో చూడండి

20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న చిన్న కొలనులో దాదాపు 22,600 లీటర్లు పడతాయి. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది జల్ జీవన్ మిషన్ లెక్క. ఆ ప్రకారం కొలను ఒక్కసారి ఖాళీ చేస్తే నాలుగు వందల మందికి ఒక రోజుకు సరిపడే నీళ్లు పోయినట్టే. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండి, ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టిన ఊళ్లు మనవి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం మార్కాపురం వైపు జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు ఆపేశాక బోర్ల మీదే బతికే రైతులు మన పక్క చేలవాళ్లే. వాళ్ల కళ్లెదుట అన్ని నీళ్లు మురుగులోకి వదలడం న్యాయం కాదు.

నీళ్లు ఎందుకు పాడవుతాయి

మన బోరు నీళ్లలో చాలా చోట్ల సున్నం, ఉప్పు ఎక్కువ. డ్రిప్ గొట్టాలు పూడుకుపోతే యాసిడ్ ఎక్కించే రైతుకు ఈ సంగతి కొత్త కాదు. ఎండకు నీరు ఆవిరైపోతుంది గానీ సున్నం, ఉప్పు కొలనులోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లు పోస్తే అవి ఇంకా పెరుగుతాయి. పలకల మీద తెల్లగా గార కడుతుంది, నీళ్లు మసకబారతాయి.

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం సూక్ష్మజీవుల్ని చంపే బలమైన రూపంలో ఉంటుంది. 8కి చేరితే ఆ భాగం దాదాపు పావు వంతుకు పడిపోతుంది. అందుకే పీహెచ్ చూడకుండా ఎంత బ్లీచింగ్ పోసినా పాచి పోదు. పైగా బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుంది. అది పీహెచ్‌నూ, కఠినత్వాన్నీ ఇంకా పెంచుతుంది.

ఎండ ఇంకో శత్రువు. మండుటెండలో రక్షణ లేని క్లోరిన్ రెండు మూడు గంటల్లోనే చాలావరకు హరించుకుపోతుంది. దాన్ని కాపాడేది సయాన్యూరిక్ ఆమ్లం. అది 30 నుంచి 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉంటే చాలు. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లల్లో అదే ఉంటుంది కాబట్టి నెలల తరబడి బిళ్లలే వాడితే మితిమీరిపోతుంది. అప్పుడు కొన్ని నీళ్లు తీసేసి కొత్తవి కలపక తప్పదు. ఆ స్థితి రాకముందే ద్రవ హైపోక్లోరైట్‌కు మారండి.

కళ్లు మండి, ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు అది చెమట, మూత్రంతో కలిసి పనికిరాకుండా పోయిన క్లోరిన్ వాసన. అందుకే తలకు నూనె రాసుకున్న పిల్లలైనా, పెద్దలైనా స్నానం చేశాకే దిగాలి.

మీరు చేయవలసినవి

1. కట్టకముందే బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కఠినత్వం, క్షారత, ఉప్పు ఎంతో రాయించుకోండి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి.

2. పరీక్ష కిట్టు, ఒక నోటుబుక్కు కొనండి. పీహెచ్, క్లోరిన్ ఉదయం, సాయంత్రం చూడండి. సయాన్యూరిక్ ఆమ్లం వాడే కొలనులో క్లోరిన్ 2 పీపీఎం కంటే తగ్గకూడదు. క్షారత వారానికోసారి చూడండి, అది 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉండాలి. కఠినత్వం నెలకోసారి చూడండి, అది 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉండాలి. ముందు క్షారత సరిచేయండి, తర్వాత పీహెచ్, ఆ తర్వాత క్లోరిన్.

3. మందు కొలిచి వేయండి. పురుగుమందును ట్యాంకుకు ఇన్ని మిల్లీలీటర్లని కొలిచి పోసే చేయి ఇక్కడ డబ్బాలు గుమ్మరించకూడదు. పైన చెప్పిన చిన్న కొలనులో క్లోరిన్ 1 పీపీఎం పెరగాలంటే 10 శాతం హైపోక్లోరైట్ సుమారు 225 మిల్లీలీటర్లు చాలు. ఎండ దిగాక, ఫిల్టర్ మోటారు నడుస్తుండగా పోయండి.

4. యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి. వాటి నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. క్లోరిన్ మందుల్ని ఎరువుల కొట్టంలో పెట్టకండి. యూరియా, అమ్మోనియం ఎరువులతో కలిస్తే పేలుడు ప్రమాదం ఉంది.

5. వాడనప్పుడు కొలనుపై కప్పు వేయండి. తగ్గిన నీటిని డాబా మీది వాననీటితో భర్తీ చేయండి. 1,000 చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా వస్తుంది. ఆ నీటిలో సున్నం ఉండదు.

6. ఫిల్టర్ కడిగిన నీళ్లను చెరువులోకి వదలకండి, క్లోరిన్‌కు చేపలు చస్తాయి. క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించాకే చెట్లకు పెట్టండి. ఉప్పు పేరుకున్న నీళ్లను మిర్చి చేలకు అసలే పెట్టవద్దు.

7. చుట్టూ కంచె, తాళం వేసిన గేటు ఉండాలి. ఈత వచ్చిన పెద్దవారు ఒకరు గట్టునే ఉండాలి.

పంచాయతీలు చేయవలసింది

రోజు అద్దెకు ఇచ్చే ప్రతి కొలను గేటు దగ్గర ఆనాటి పీహెచ్, క్లోరిన్ అంకెలు, కొలిచిన సమయం బోర్డు మీద రాసి ఉండాలని గ్రామసభలో తీర్మానం చేయండి. కొలను ఎప్పుడు ఖాళీ చేశారో, ఎందుకు చేశారో యజమాని పంచాయతీకి రాసివ్వాలి. ఈ బోర్డుకయ్యే ఖర్చు చాలా స్వల్పం. డబ్బు కట్టి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఆ అంకెలు తెలుసుకునే హక్కు ఉంది.

తల్లిదండ్రులారా! బోర్డు లేని కొలనులో మీ పిల్లల్ని దింపకండి. యజమానులారా! ఈ వేసవిలో మొదటి బకెట్ మందు పోయకముందే కిట్టు కొనండి, మొదటి అంకె రాయండి. మీ కొలను కింద ఉన్న భూగర్భజలం ఊరందరిదీ. దాన్ని లెక్కగా వాడుకోవడం మీ బాధ్యత, ఆ లెక్క అడగడం మా బాధ్యత.

ఇట్లు,
ఊరి నీటి మేలు కోరే తోటి గ్రామస్థులు