పని ఎక్కడ చేసినా సరే, దానికో ముగింపు వేళ ఉండాలి!

ఐటీ ఉద్యోగ మిత్రులారా!

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, షేర్ ఆటో పట్టుకుని ఆఫీసుకు చేరతాం. స్వైప్ చేసి హెడ్‌సెట్ పెట్టుకుంటే టీమ్‌లో ఒకరు పుణెలో, ఒకరు చెన్నైలో, క్లయింటు అమెరికాలో. ఇంట్లో మాట్లాడే కాల్‌నే ఇంతదూరం వచ్చి మాట్లాడుతున్నాం.

పోనీ, ఇంటి నుంచి చేస్తే సుఖమా? వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, కుక్కర్ కూత వినపడకుండా మ్యూట్ నొక్కే అక్కచెల్లెళ్లను అడగండి. పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోతుందేమోనని అన్నం తింటూ మౌస్ కదిపే తమ్ముళ్లను అడగండి. ఇక హైబ్రిడ్‌లో పగలు ట్రాఫిక్, రాత్రి క్లయింట్ కాల్!

ఇంటి నుంచి చేస్తే పని కుంటుపడుతుందని బెదిరిస్తే నమ్మకండి. చైనాలోని ట్రిప్.కామ్‌లో 1,600 మందికి పైగా ఉద్యోగులపై జరిగిన పరిశోధన 2024లో ‘నేచర్’లో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడోవంతు తగ్గారు.

అసలు ముప్పు తెగని పనిగంటలతోనే. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి.

అందుకే అడుగుదాం:

1. రాత్రి కాల్ ఉంటే, మర్నాడు ఆ గంటలు తగ్గించాలి.
2. లాగౌట్ అయ్యాక ఫోన్ ఎత్తలేదని అప్రైజల్‌లో కోత పెట్టకూడదు. పని వేళల తర్వాత ఫోన్‌కు, మెయిల్‌కు దూరంగా ఉండే హక్కుపై ఫ్రాన్స్‌లో 2017 నుంచే చట్టం అమల్లో ఉంది.
3. ఆఫీసుకు ఏయే రోజులు రావాలో టీమ్ అంతా కూర్చుని ఖరారు చేసుకోవాలి.
4. రేటింగ్ చేసిన పనిని బట్టి ఇవ్వాలి, స్వైప్ లెక్కను బట్టి కాదు.

ఇవాళే మొదలుపెట్టండి!

లాగిన్, లాగౌట్ వేళలు, ప్రయాణం, రాత్రి కాల్స్ నెల రోజులపాటు సొంత పుస్తకంలో రాసుకోండి. టీమ్‌లో అందరి లెక్కలూ కలిపి మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు ఒకే మెయిల్ పెట్టండి. ఒంటరిగా వెళ్లకండి.

నిద్ర పట్టకపోయినా, పని తలుచుకుంటేనే గుండె దడ పుడుతున్నా లోలోపల దాచుకోకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సీనియర్లారా! ప్రొబేషన్‌లో ఉన్న పిల్లలు నోరెత్తలేరు. ఆ మెయిల్‌లో మొదటి పేరు మీదే ఉండాలి.

— ఐటీ కారిడార్‌లో పనిచేస్తున్న మీ తోటి ఉద్యోగులు
(చదివి పక్కవారికి ఇవ్వండి)