మధురవాణి ఏ పేపర్లో ఉంది?

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. అందుకే 2018లో వచ్చిన 'మహానటి'ని తిరుత్తణిలో మేం రెండు భాషల్లోనూ చూశాం. తమిళంలో దాని పేరు 'నడిగైయర్ తిలగం'. మొన్న తిరువళ్ళూరు రైల్లో ఒక స్నేహితురాలు అడిగింది, "ఆ మధురవాణి ఇప్పుడు ఏ పేపర్లో ఉందే?" అని. సావిత్రి కథ వెతికే ఆ విలేకరి కల్పిత పాత్ర అని చెప్తే నమ్మలేదు.

పాతకాలం సీన్లో కొత్త కారు కనిపిస్తే నవ్వేసి వదిలేస్తాం. మనిషి గుణం దగ్గర తప్పు జరిగితే అలా వదలగలమా? జెమినీ గణేశన్ గారి కూతురు డాక్టర్ కమలా సెల్వరాజ్, తన తండ్రిని తప్పుగా చూపించారని అప్పట్లో బహిరంగంగానే అన్నారు. ఎవరి మాట నిజమో మనం తేల్చలేం. సావిత్రి గారు 1981లో, జెమినీ గారు 2005లో పోయారు. జవాబు చెప్పడానికి ఇద్దరూ లేరు.

"సినిమా అన్నాక కల్పన ఉండదా?" అంటారు. ఉండనీండి. కానీ మొదట్లో గబగబా వచ్చిపోయే చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? ఆఖర్న తీరిగ్గా చెప్పాలి: ఇది జరిగింది, ఇది మేం అల్లింది అని. మా అమ్మమ్మ సావిత్రిని సావిత్రి సినిమాల్లోనే చూసింది. మా ఈడు వాళ్ళలో చాలామందికి సావిత్రి అంటే కీర్తి సురేశే.