బారు తప్ప చోటు లేదా?

స్టేషన్ ఘన్‌పూరున రైలెక్కి హైదరాబాదు కొలువులకేగిన మన యువతీయువకులు తొలిపరిచయములకు బారులను ఎన్నుకొనుచున్నారని పెద్దలు వాపోవుచున్నారు. వలచుట నేరమని మేమనము. మత్తులో నెఱిగిన మనసు మనసు కాదని మాత్రము చెప్పుదుము.

కాని తప్పెవరిది? ఇంట కలిసిన నిందింతురు. తోటలో కూర్చున్న తరుముదురు. సొమ్ము చెల్లించినవారిని ప్రశ్నింపనిది బారొక్కటే! 2009లో మంగుళూరు మద్యశాలలో స్త్రీలను కొట్టిన మూకతో మాకు పొత్తు లేదు. 1992లో సారాపై తిరుగబడిన దూబగుంట స్త్రీలే మాకు గురువులు. వారు సారా దుకాణమును మూయించిరి గాని యొరుల స్వేచ్ఛను హరింపలేదు.

1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయమును నెలకొల్పుకొన్న హైదరాబాదునకు, ఇరువురు నిర్భయముగా మాటలాడుకొను చోటు కల్పించుట చేతగాదా? పెద్దలారా! బారును నిందించుటకు ముందు మీ వాకిట బిడ్డలకు రెండు కుర్చీలు వేయుడు.