మా ఊరి మీద రాసిన పరిశోధన మాకు అందనివ్వండి

భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు గారికి,

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. మా దగ్గర బీఎస్సీ చివరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్టు రాయడానికి కూర్చుంది. వాళ్లది ఉద్దానంలోనే ఉన్న కవిటి మండలం. వాళ్ల నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. వెతగ్గా ఒక విదేశీ జర్నల్లో వ్యాసం కనిపించింది, శీర్షికలోనే ఉద్దానం పేరు. పది లైన్ల సారాంశం దగ్గరే ఆగిపోయింది. కింద తాళం బొమ్మ, పక్కన ధర 35 డాలర్లు.

"మా ఊరొచ్చి రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకెళ్లారు సార్. ఏం తేలిందో చూడాలంటే మళ్లీ మేమే డబ్బు కట్టాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ ప్రశ్న లైబీరియా ఇదివరకే అడిగింది. 2014లో ఎబోలా విరుచుకుపడే దాకా తమ దేశంలో ఆ వైరస్ ఉండొచ్చని అక్కడి అధికారులకు తెలియదు. కానీ 1982లోనే యూరప్ శాస్త్రవేత్తలు లైబీరియన్ల రక్తం పరీక్షించి, ఎబోలా ప్రాంతాల్లో ఆ దేశాన్నీ చేర్చాలని రాశారు. ఆ వ్యాసం కొనాలంటే 45 డాలర్లని, అది అక్కడి డాక్టరుకి అరవారం జీతమని 2015లో లైబీరియా వైద్యాధికారి బెర్నీస్ డాన్, సహచరులు న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అప్పటికే అక్కడ నాలుగు వేల మందికి పైగా పోయారు. తాళం ఒక్కటే వాళ్ల ప్రాణం తీసిందని నేననను. హెచ్చరిక మాత్రం రక్తమిచ్చిన వాళ్ల చెవిన పడలేదు.

మీరేమీ చేయలేదని కాదు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 2025 నుంచి 2027 వరకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 జర్నళ్లు 6,300 ప్రభుత్వ సంస్థలకు అందుతున్నాయి. మంచి పని. కానీ మాలాంటి ప్రైవేటు కాలేజీలు, పల్లె డాక్టర్లు, జబ్బుపడ్డ కుటుంబాలు ఆ గేటు బయటే ఉన్నారు. పైగా ఇది చందా. కట్టడం ఆపితే తలుపు మూతపడుతుంది.

ఆ ఉద్దానం వ్యాసం రాసిన శాస్త్రవేత్తకి మా అమ్మాయి చేత మెయిలు పెట్టించాను. తొమ్మిదో రోజున పీడీఎఫ్ వచ్చింది, "బాగా చదువుకో" అన్న మాటతో. తాళం వేసింది ఆయన కాదని అప్పుడర్థమైంది.

అందుకే నేనడిగేది పెద్ద ఖర్చు లేని పని. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన వ్యాసాల ప్రతిని అందరూ చదవగలిగే భాండాగారంలో ఉంచాలని కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలు 2014 డిసెంబరులోనే విధానం ప్రకటించాయి. దాన్ని గట్టిగా అమలు చేయించండి. ప్రతి ఉంచితేనే తర్వాతి నిధులు అనండి. ఒక ఊరి మనుషుల మీద, నీటి మీద అధ్యయనం చేస్తే ఆ ఊరి భాషలో ఒక పేజీ రాసిచ్చి రమ్మనండి. 2027 తర్వాత ఒప్పందాలు కుదుర్చుకునేటప్పుడు మా కాలేజీలనూ, జిల్లా గ్రంథాలయాలనూ లెక్కలోకి తీసుకోండి.

ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అది తేలే దాకా మా వాళ్లు రక్తం ఇస్తూనే ఉంటారు. ఆ అమ్మాయి పీడీఎఫ్ ప్రింటు తీసుకుని, నాన్నకి తెలుగులో చెప్తానని ఇంటికి పట్టుకెళ్లింది. మిగతా ఇళ్లకి ఎవరు పట్టుకెళ్తారు?

ఇట్లు,
ఒక లైబ్రేరియన్
శ్రీకాకుళం జిల్లా